ఆటకట్టుకు ముందు

చదరంగము ఆడనివారు కూడ చదరంగపు భాష మాట్లాడుచుందురు. ఒకడు తెలివిగా ఏదైన చేసినచో 'ఎత్తు వేసినాడు' అందుము. దానిని మించినది మరియొకడు చేసినచో అది 'పైఎత్తు'. ఎన్నికలు దగ్గరపడగనే నాయకులు పావులు కదపనారంభింతురు. దొంగలు దొరికిన మరునాడు పత్రికలలో 'దొంగల ముఠా ఆటకట్టు' అను శీర్షిక కనబడును. ఈ మాటలు వాడువారిలో చాలమందికి గుర్రము ఎట్లు నడచునో తెలియదు. తెలియవలసిన అవసరమును లేదు. మాట ఆటను విడిచి ఊరిలోనికి వచ్చి స్థిరపడినది.

ఇటీవల ఇంగ్లీషునుండి 'ఎండ్‌గేమ్' అను మాట కూడ ఆ త్రోవనే వచ్చినది. యుద్ధవార్తలలో, రాజకీయ వ్యాఖ్యలలో, సినిమా పేర్లలో అది వినబడుచున్నది. 'అంతిమ ఘట్టము' అని కొందరు తెలుగు చేయుచున్నారు. దీనిని వాడువారి మనస్సులో ఉన్న చిత్రము సాధారణముగా ఒక్కటే: బలగములన్నియు ఒక్కచోట మోహరించి, పెద్ద కోలాహలముతో, ఒక్క దెబ్బతో తేలిపోవు ఘట్టము. చదరంగములో అంత్యదశ ఇట్టిది కానేకాదు. అది దాదాపు దీనికి విరుద్ధము. అప్పటికి బలగములు పోయినవి, పలక ఖాళీ అయినది, కోలాహలము అణగినది. మిగిలినవి రెండు రాజులు, నాలుగైదు కాయలు. 'ఆటకట్టు' ఒక క్షణము. అంత్యదశ ఒక కాలము. గట్టి ఆటగాండ్రు ఆడిన ఆటలలో ఆటకట్టు వరకు పోవునవి అరుదు. అంతకుముందే ఒకరు ఓటమినైన ఒప్పుకొందురు, లేక ఇద్దరును సమముగనైన విడిపోవుదురు. ఆ ఒప్పుకొనుట ఎందువలన జరుగునో తెలిసికొన్నచో, ఈ మాటను ఎక్కడ వాడవచ్చునో, ఎక్కడ వాడరాదో కూడ తెలియును.

నాకు చదరంగము నేర్పినది మా ఊరి రచ్చకట్ట. అనంతపురము జిల్లా పల్లెలలో వేసవికి పొలములలో పని ఉండదు. వేపచెట్టు క్రింద బండమీద ఒక ప్రక్క పులిజూదము, ఒక ప్రక్క సుద్దతో గీసిన చదరంగపు గడులు. అక్కడ ఒక ముసలి రైతు ఉండెడివాడు. నేను రాజును మూలలో దాచి, చుట్టును బంట్లను నిలిపి, ఆట చివరకు వచ్చినను కదపకుండ కూర్చుండెడివాడను. ఆయన నవ్వి, "రాజును ఇంట్లో దాచిపెట్టుకోని కూచుంటే బంటుకు ఎవురు తోడు పోతారు నాయనా? లేపు, బయటికి రానీ" అనెను. తరువాత నేను చదివిన పుస్తకములన్నియు ఈ సంగతినే పెద్ద పెద్ద మాటలతో చెప్పినవి.

ఆ రచ్చకట్టమీది నియమము ఒకటి ఇప్పటి అంతర్జాతీయ నియమమునకు భిన్నమైనది. ఇప్పుడు బంటు ఎదుటి చివరి గడి చేరినచో ఆటగాడు కోరిన కాయగా మారవచ్చును. దాదాపు అందరును మంత్రినే కోరుదురు. మన పాత పద్ధతిలో అట్లు కాదు. బంటు ఏ నిలువు వరుసలో చివర చేరునో ఆ వరుసకు చెందిన పదవియే దానికి దక్కును. ఏనుగు వరుసలో చేరినచో ఏనుగు, గుర్రపు వరుసలో చేరినచో గుర్రము. ఇది చిన్న మార్పువలె కనబడును గాని, అంత్యదశ స్వరూపమునే మార్చివేయును. ఏలయనగా, రాజు, ఏనుగు కలిసి ఒంటిరాజును కట్టగలవు. రాజు, గుర్రము కలిసి కట్టలేవు. కాబట్టి మా తాతల ఆటలో గుర్రపు వరుసలోని బంటు ఒక్కటే మిగిలినచో దాని ప్రయాణమంతయు వృథా. ఏ బంటును చంపుకొనవలెను, ఏ బంటును కాపాడుకొనవలెను అను లెక్క వారు ఆట నడుమనుండియే వేసికొనెడివారు.

ఇక్కడ పేర్లను గూర్చి ఒక మాట. రాజు, మంత్రి, ఏనుగు, శకటు, గుర్రము, బంటు అను పేర్లను వాడుచున్నాను. వంకరగా, అనగా మూలలవెంట నడచు కాయను శకటు అనుచున్నాను. దానిని ఒంటె అనువారును కలరు. గడులకు అంతటను వాడుకలోనున్న ఎ నుండి హెచ్ వరకు నిలువు వరుసల పేర్లను, 1 నుండి 8 వరకు అడ్డు వరుసల అంకెలను గ్రహింపవలెను. తెల్లవాని వైపునుండి చూచినప్పుడు ఎడమచేతి క్రింది మూల ఎ1. పాఠకులు ఒక పలకను దగ్గర పెట్టుకొన్నచో మరింత మంచిది.

ఆట నడిమిదశ ఎక్కడ ముగిసి అంత్యదశ ఎక్కడ మొదలగునో చెప్పుటకు గీత లేదు. సాధారణముగా మంత్రులు రెండును పోయిన తరువాత అంత్యదశ అందురు. ముఖ్యమైన మార్పు రాజు విషయములో జరుగును. మంత్రి, ఏనుగులు తిరుగుచున్నంతకాలము బయటికి వచ్చిన రాజు బ్రతుకడు. అవి పోగానే అతనికి భయము తగ్గును. భయము తగ్గిన రాజు మంచి యోధుడు. చుట్టునున్న ఎనిమిది గడులను తన అదుపులో ఉంచుకొనును గనుక, దగ్గరి పోరాటములో గుర్రమునకు గాని శకటునకు గాని తీసిపోడు. అట్లే ఆరంభములో ఎవరును లెక్కచేయని బంటు ఇప్పుడు మంత్రి కాబోవు వాడు. చిన్నవాడు పెద్దవాడగును, దాగినవాడు బయటికి వచ్చును.

మూడవ మార్పు కాలమునకు సంబంధించినది. ఆట నడుమ ఒక ఎత్తు వృథా అయినను సర్దుకొనవచ్చును. అంత్యదశలో ఒక్క ఎత్తు ఆలస్యమైనచో బంటు పోవును; బంటు పోయినచో ఆట పోవును. ఇందులో వింత ఏమనగా, కొన్ని సమయములలో ఎత్తు వేయవలసి వచ్చుటయే శాపము. చదరంగములో 'ఈసారి నేను ఆడను' అనుటకు వీలులేదు. ఉన్నచోట నిలిచియున్నచో ఏ ప్రమాదమును లేదు, కదిలినచో నాశనము. అయినను కదలక తప్పదు. ఈ స్థితికి జర్మను భాషలో 'జుగ్‌త్స్వాంగ్' అను పేరు కలదు. కదలక తప్పని ఇరకాటము అని మనము చెప్పుకొనవచ్చును.

దీనికి లోకమంతయు చూచిన ఉదాహరణ 2024 డిసెంబరు 12వ తేదీన సింగపూరులో జరిగినది. ప్రపంచ విజేత పదవికై చైనా దేశీయుడు డింగ్ లిరెన్‌కును, చెన్నైలో ఒక తెలుగు కుటుంబమున జన్మించిన దొమ్మరాజు గుకేశ్‌కును పోటీ. పదునాలుగు ఆటల పోటీలో పదమూడు ముగియునప్పటికి ఇద్దరికి చెరి ఆరున్నర పాయింట్లు. పదునాలుగవ ఆటయు సమమైనచో మరునాడు వేగపు ఆటలతో తేల్చవలసియుండెను. గుకేశ్‌కు సహాయము చేసిన బృందములో గుంటూరున జన్మించిన పెండ్యాల హరికృష్ణ కూడ ఒకరు. అంత్యదశను ఓపికగా, నేర్పుగా ఆడువాడని హరికృష్ణకు చిరకాలముగా పేరు.

ఆ ఆటలో మంత్రులు 30వ ఎత్తునకే పోయినవి. 55వ ఎత్తు వచ్చునప్పటికి పలకమీద ఉన్నవి ఇవి. తెల్లవానికి, అనగా డింగ్‌కు, జి1లో రాజు, ఎఫ్4లో ఏనుగు, ఎ8లో శకటు, జి3లో ఒక బంటు. నల్లవానికి, అనగా గుకేశ్‌కు, ఇ5లో రాజు, బి2లో ఏనుగు, ఇ6లో శకటు, ఎఫ్5, జి4లలో రెండు బంట్లు. నల్లవానికి ఒక బంటు ఎక్కువ. అయినను బంట్లన్నియు ఒకే ప్రక్కన ఉన్నవి గనుకను, ఏనుగులు ఉన్నవి గనుకను, తెల్లవాడు జాగ్రత్తగా కాచుకొన్నచో ఆట సమముగా ముగియునని తెలిసినవారందరు అనుకొనుచుండిరి. గుకేశ్ మాత్రము సమమునకు ఒప్పుకొనక, తొందరపడక, ఇటు ఒక ఎత్తు అటు ఒక ఎత్తు వేయుచు ప్రత్యర్థిని అడుగుచునే ఉండెను.

అప్పుడు డింగ్ తన ఏనుగును ఎఫ్4 నుండి ఎఫ్2కు తెచ్చెను. ఏనుగులు మార్చుకొన్నచో బరువు తగ్గును, సమము దగ్గరపడును అని ఎవరికైన తోచును. సాధారణముగా ఆ ఆలోచన తప్పు కాదు. తప్పు పలక మరొక మూలలో ఉన్నది: ఎ8లోని శకటు. పలక నడుమనున్న శకటునకు నాలుగు దిక్కుల దారులు కలవు. మూలలోనున్న శకటునకు ఒక్కటే దారి. ఎ8 నుండి బి7, సి6, డి5 అను గడులగుండ పోవు దారి. ఏనుగులు మారినవి, తెల్లరాజు ఎఫ్2లోనికి వచ్చెను. వెంటనే గుకేశ్ తన శకటును డి5లో, సరిగా ఆ దారికి అడ్డముగా నిలిపెను. ఇప్పుడు తెల్లశకటు ఎక్కడికి పోవును? ఉన్న ఒక్క వీధిలో ఎదుట శత్రువు నిలిచియున్నాడు. చంపి చచ్చుట తప్ప మార్గము లేదు. అదే శకటు ఒక్క గడి ఇవతల, బి7లో ఉన్నచో, ఎ6కో సి8కో తప్పుకొనుటకు సందు ఉండెడిది. రెండు ఎత్తులకు పూర్వము అది ఎ8లోనికి పోయినప్పుడు అందులో దోషమేమియు కనబడలేదు.

శకట్లును పోయినవి. నల్లరాజు డి5లో, తెల్లరాజు ఇ3లో, ఆపైన నల్లరాజు ఇ5లో. ఇక మిగిలినవి రెండు రాజులు, తెల్లవాని ఒక బంటు, నల్లవాని రెండు బంట్లు. రాజులిద్దరు ఒక గడి ఎడముతో ఎదురెదురుగా నిలిచిరి. ఎత్తు తెల్లవానిది. ముందుకు పోవుటకు వీలులేదు. ఆ గడులన్నియు నల్లవాని అదుపులో ఉన్నవి. పోగలిగినవి డి3, డి2, ఇ2, ఎఫ్2 అను నాలుగు గడులు మాత్రమే. ఎడమకు, అనగా డి వరుసలోనికి పోయినచో, ఎఫ్5లోని నల్లబంటు ఎఫ్4కు దూకును. తెల్లబంటు దానిని చంపగా నల్లరాజు తిరిగి చంపి, జి3కి చేరి, మిగిలిన బంటును చేయిపట్టి చివరిగడికి నడిపించును. వెనుకకు పోయినచో నల్లరాజు ప్రక్కనుండి చొరబడి జి3లోని బంటునే తినివేయును. ఉన్నచోట నిలుచుటకు ఆటలో హక్కు లేదు. 58 ఎత్తుల వద్ద డింగ్ ఓటమిని ఒప్పుకొనెను. ఆటకట్టు అను మాట ఆ పలకమీద ఎవరును పలుకలేదు. పదునెనిమిదేండ్ల బాలుడు ప్రపంచ విజేత అయ్యెను. అంతకుముందు 1985లో కాస్పరోవ్ ఇరువదిరెండేండ్లకు సాధించినదే ఆ విషయములో హద్దు.

అంత్యదశలో గడుల లెక్క మన బడిలోని క్షేత్రగణితమును కూడ తలక్రిందులు చేయును. త్రిభుజములో రెండు భుజముల మొత్తము మూడవదానికన్న ఎక్కువ అని మనము విద్యార్థులకు చెప్పుదుము. రాజు నడకకు ఈ సిద్ధాంతము చెల్లదు. హెచ్8 నుండి హెచ్2 వరకు తిన్నగా దిగినచో ఆరు ఎత్తులు. హెచ్8 నుండి మూలవాటుగా ఇ5కు మూడు ఎత్తులు, అక్కడనుండి మరల మూలవాటుగా హెచ్2కు మూడు. చుట్టుదారియు ఆరే! 1921లో రిచర్డ్ రేటి అను ఆటగాడు ఈ ఒక్క సంగతిమీద ఒక సమస్యను కట్టెను. తెల్లరాజు హెచ్8లో, తెల్లబంటు సి6లో. నల్లరాజు ఎ6లో, నల్లబంటు హెచ్5లో. ఎత్తు తెల్లవానిది. చూచిన వెంటనే తెల్లవాని పని అయిపోయినదనిపించును. నల్లబంటును తరిమినచో రెండు ఎత్తులు వెనుకబడును. తన బంటునా, నల్లరాజు ప్రక్కనే ఉండి పట్టుకొనును. తెల్లరాజు ఈ రెంటిలో ఏ ఒక్కదానికొరకును పోడు. జి7, ఎఫ్6, ఇ5 అని మూలవాటుగా దిగును. ఆ దారిలో ప్రతి అడుగును రెండు పనులు చేయును: నల్లబంటుకు ఒక అడుగు దగ్గర, తన బంటుకు ఒక అడుగు దగ్గర. నల్లవాడు తెల్లబంటును చంపుటకు కాలము వెచ్చించినచో తెల్లరాజు ఎఫ్4, జి3 మీదుగా నల్లబంటును పట్టును. నల్లవాడు తన బంటునే పరుగెత్తించినచో తెల్లరాజు డి6కు పోయి తన బంటును గెలిపించుకొనును. ఇద్దరికిని మంత్రులు వచ్చును. ఎట్లయినను సమమే. నేను తరగతిలో దూరము అను భావమునకు ఒకటికన్న ఎక్కువ నిర్వచనములు ఉండవచ్చునని చెప్పవలసి వచ్చినప్పుడు ఈ సమస్యనే నల్లబల్లమీద వేయుదును. ఆనాడు వెనుక బెంచీలు కూడ మేలుకొనియుండును.

కాయలు తక్కువైనప్పుడు గణిత యంత్రములకు కూడ పని సులభమగును. ముందునుండి వెదకుట కష్టము గనుక వెనుకనుండి వెదకవలెనను ఆలోచనను 1965లో రిచర్డ్ బెల్‌మన్ అను గణితజ్ఞుడు సూచించెను. ముందుగా ఆటకట్టిన స్థితులన్నిటిని వ్రాసికొనవలెను. వానికి ఒక్క ఎత్తు దూరములో ఉన్నవి ఏవి? రెండు ఎత్తుల దూరములో ఏవి? ఇట్లు వెనుకకు నడచుచు పోయినచో ప్రతి స్థితికిని ఫలితము ముందే తెలియును. రాజు, మంత్రి కలిసి ఒంటిరాజును ఎంత చెడ్డ స్థితినుండియైనను 10 ఎత్తులలో కట్టగలవు. రాజు, ఏనుగు 16 ఎత్తులలో. రాజు, శకటు, గుర్రము కలిసినచో 33 వరకు పట్టవచ్చును. 1983లో కెన్ థాంప్సన్ యంత్రము ఒక పాత నమ్మకమును కూల్చెను. రెండు శకట్లు ఒక గుర్రమును గెలువజాలవని నూరేండ్లకు పైగా అందరు నమ్మియుండిరి. గెలువగలవని, అందుకు 66 ఎత్తుల వరకు పట్టునని తేలినది. 2018 నాటికి రాజులతో కలిపి ఏడు కాయల స్థితులన్నియు పూర్తియైనవి. అవి సుమారు 423 లక్షల కోట్లు. పూర్తి ఆటకు 32 కాయలు. ఆ దూరమును ఊహించుటకు పాఠకులకే విడిచిపెట్టుచున్నాను.

ఈ యంత్రముల విజయమునకు మూలము ఒక్కటే. పలకమీద ఉన్నదే లోకము; దాని వెలుపల ఏమియు లేదు. దాచిన కాయ లేదు, పైనుండి పడు కాయ లేదు. ఈ నియమము తప్పినచోట 'అంత్యదశ' అను పోలిక కూడ తప్పును. మా జిల్లాలో సంవత్సరమునకు కురియు వాన సగటున సుమారు 550 మిల్లీమీటర్లు. అది కూడ సకాలమున రాదు. వేరుశనగ ఊడలు దిగి కాయ ఊరు సమయమున బెట్ట వచ్చినచో గింజ నిండదు. 2016 ఖరీఫులో ఆ సమయముననే పంటను కాపాడుటకు ప్రభుత్వము రెయిన్‌గన్నులను తెచ్చి రక్షకతడి ఇప్పించెను. పత్రికలు అట్టి రోజులను రైతు 'ఆఖరి పోరాటము' అని వ్రాయును. నా చిన్నతనమున ఒక యేడు మా బోరు రోజుకు రెండు గంటలు మాత్రము నీరు పోయుచుండెను. పంట నాలుగు ఎకరములు. మా నాయన రెండు రాత్రులు ఆలోచించి, ఉన్న నీటినంతయు క్రింది ఎకరమునకే కట్టి, మిగిలిన మూడు ఎకరములను వదలివేసెను. నాలుగవనాడు వాన కురిసెను. మూడు ఎకరములు సగము తేరుకొన్నవి. ఆయన వేసిన ఎత్తు సరియైనదా? వాన రాకున్నచో సరియైనది. వచ్చినది గనుక ఆ నీటిని నలుదిక్కుల పంచవలసినది. చదరంగములో అట్టి ప్రశ్నకు ఒకే జవాబు ఉండును. మా నాయన ఆటలో ఆకాశము మూడవ ఆటగాడు. ఆ తరువాత ఆయన ఆ సంగతి ఎత్తినప్పుడెల్ల మా అమ్మ, "పోనీలే, ఒక ఎకరాన్నన్నా నిలుపుకుంటిమి గదా" అనెడిది.

ఈ పోలిక నిజముగా అతికినట్లు సరిపోవు చోటు వైద్యచరిత్రలో ఉన్నది. అదియు మన రాయలసీమకు తెలిసినదే. ముసలివారిని అడిగినచో నారికురుపు సంగతి చెప్పుదురు. మా అవ్వ చీలమండ దగ్గర రూపాయి అంత మచ్చ ఉండెడిది. దిగుడుబావిలో నీళ్ళకు దిగిన కాలమున వచ్చినదని చెప్పెడిది. నీటిలో సైక్లాప్స్ అను కంటికి ఆననంత చిన్న ప్రాణి ఉండును. దాని కడుపులో నారిపురుగు పిల్లలు ఉండును. ఆ నీటిని వడకట్టక త్రాగినవాని శరీరములో పురుగు దాదాపు ఒక సంవత్సరము పెరిగి, గజము పొడవు వరకు అయి, కాలిలో పొక్కుగా తేలును. మంట భరింపలేక రోగి కాలిని నీటిలో పెట్టును. అప్పుడు పురుగు లక్షల పిల్లలను ఆ నీటిలో విడుచును. దిగుడుబావి మెట్లమీద ఇది జరిగినచో ఆ బావి నీరు త్రాగు ఊరికంతటికి మరుసటి ఏడు నారికురుపే. పురుగును పుల్లకు చుట్టి రోజునకు కొంచెము కొంచెముగా లాగుట తప్ప మందు లేదు. టీకా లేదు. ఒకసారి వచ్చినవానికి మరల రాదన్న భరోసా కూడ లేదు.

1983–84లో దేశమంతట దీనిని నిర్మూలించు కార్యక్రమము మొదలైనది. ఆంధ్రప్రదేశ్‌తో కలిపి ఏడు రాష్ట్రములలో ఈ జాడ్యము ఉండెను. 1984లో సుమారు 40,000 మంది రోగులు. అప్పటి పని ఆట నడిమిదశ వంటిది: దిగుడుబావులను చేదబావులుగా మార్చుట, చేతిపంపులు వేయుట, నీటిలో టెమిఫాస్ అను మందు కలిపి సైక్లాప్స్‌ను చంపుట, బట్టతో వడకట్టుమని ఇంటింటికి చెప్పుట. వేలసంఖ్యలో రోగులున్నప్పుడు నూరుమంది తప్పిపోయినను లెక్కలో పెద్ద తేడా కనబడదు. సంఖ్య వందలకు, పదులకు దిగిన తరువాతనే అసలు కష్టము. మిగిలిన ఒక్క రోగి ఒక్కసారి ఒక్క బావిలో కాలు పెట్టినచో పదేండ్ల పని నీటిపాలు. అప్పుడు రోగిని ఎవరో ఒకరు మొదటిరోజుననే కనుగొనవలెను. పురుగు పూర్తిగా బయటికి వచ్చువరకు అతడు నీటిలో దిగకుండ కాపాడవలెను. చిన్న కార్యకర్త, పల్లె నర్సు, బడిపంతులు, అనగా ఆరంభములో ఎవరును పేరు తలవని బంట్లు, ఇప్పుడు ఆటను నడిపెడివారు. జాడ చెప్పినవారికి నగదు బహుమతి కూడ ప్రకటించిరి. ప్రతి పుకారును ఊరికి పోయి విచారించిరి.

పురుగునకు కూడ తన కాలపు లెక్క ఉన్నది. ఈనాడు నీరు త్రాగినవానికి రోగము వచ్చే ఏటగాని తెలియదు. కాబట్టి ఒక ఏడు రోగి కనబడకపోయినంత మాత్రమున ఆట ముగియదు. భారతదేశములో చివరి రోగి 1996 జూలైలో రాజస్థానమందలి జోధపూరు జిల్లాలో కనబడెను. ఆ తరువాత మూడేండ్లకు పైగా ఒక్క రోగియు లేకున్నను వెదకుట మానలేదు. ప్రపంచ ఆరోగ్యసంస్థ 2000 ఫిబ్రవరిలో ఈ దేశము నారికురుపునుండి విముక్తమైనదని ధ్రువపరచెను. ఒక్క మందుబిళ్ళ లేకుండ జరిగిన పని ఇది.

ప్రపంచమందంతట ఆట ఇంకను ముగియలేదు. 1986లో సుమారు 35 లక్షలుండిన రోగుల సంఖ్య 2023లో 14కు, 2024లో 15కు దిగినది. ఈ రెండంకెలను చూచి ఇక రేపో మాపో అనుకొన్నవారు పొరపడినట్లే. ఏండ్లతరబడి ఆ సంఖ్య అక్కడక్కడనే తారాడుచున్నది. ఏలయనగా 2012 నుండి ఆఫ్రికాలోని చాద్ దేశమున కుక్కలలో ఇదే పురుగు కనబడుచున్నది. మనుష్యులకు మాత్రమే వచ్చు రోగమని నమ్మి, మనుష్యులను మాత్రమే లెక్కించుచు ఆడిన ఆటలో, లెక్కకు రాని కాయ ఒకటి పలకమీదనే ఉన్నట్లు బయటపడినది. కుక్కకు నీళ్ళలో దిగవద్దని చెప్పినను వినదు. ఇప్పుడక్కడి పల్లెలలో కుక్కలను కట్టివేయువారికి బహుమతులు ఇచ్చుచున్నారు. చేపల ప్రేవులను ఆరుబయట పారవేయక పూడ్చుమని చెప్పుచున్నారు.

మా ఊరి దిగుడుబావి ఇంకను ఉన్నది. నీరు లేదు. మూడవ మెట్టుమీద ఎవరో ఎప్పుడో గీసిన పులిజూదపు గీతలు ఉన్నవి. ఇప్పుడా నీడలో పిల్లలు కూర్చుండి ఫోనులో చదరంగము ఆడుచుందురు. పోయిన వేసవిలో ఒక పిల్లవాడు మూలలో దాగిన రాజును చూపి, "ఇప్పుడేం చేయాల సార్?" అని నన్నడిగెను. మంత్రులు పోయినవా అని ముందు చూచితిని.